కొండదేవుడు వద్దన్న పుంజు

మా అత్త నన్ను "ఒరే" అంటుంది. కూతుర్నిచ్చిన అల్లుణ్ని అలా పిలవడం చూసి కొత్తవాళ్లు బుగ్గలు నొక్కుకుంటారు. ఆవిడ ముందు మా నాన్నకి చెల్లెలు, ఆ తరవాతే నాకు పిల్లనిచ్చిన అత్త. నా ముక్కు తుడిచిన చేత్తోనే నా కాళ్లు కడిగింది కాబట్టి మర్యాదల లెక్క మా ఇద్దరి మధ్య ఎప్పుడూ తేలలేదు.

నాకు కోటబొమ్మాళిలో ఎరువుల కొట్టు ఉంది. యూరియా కోసం వచ్చినవాడికి యూరియా దొరక్కపోయినా ఒక కథైనా దొరుకుతుందని చుట్టుపక్కల పేరు. నా కథల్లో నిజం పప్పులో ఇంగువంత ఉంటుంది, ఉందని తెలిస్తే చాలన్నట్టు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం పాళ్లు తిరగబడ్డాయి. దీంట్లో మా అత్త ఉంది మరి. ఆవిడ ఉన్నచోట నేను కలపడానికి పెద్దగా ఖాళీ మిగలదు.

పోయిన వానాకాలం నన్ను విషజ్వరం పట్టుకుంది. శ్రీకాకుళంలో ఆసుపత్రి మంచం మీద పడేశారు. ఆ జ్వరం ఎలాంటిదంటే, నర్సమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తే అది వేసినచోటే ఆరి ఇస్త్రీ అయిపోయేది. పక్క మంచం ఆయన చూసి చూసి తన లుంగీ కూడా అందించాడు, మడత పోకుండా ఇమ్మని. ఈ ఇస్త్రీ సంగతి ఇవాళ నవ్వుతూ చెబుతున్నానుగానీ ఆ రోజు నాకు ఒళ్లు తెలియదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని డాక్టరు మా ఆవిడని పక్కకి పిలిచి చెప్పాడు. మా ఆవిడ బయటికొచ్చి వాళ్లమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది.

మా అత్తది వంశధార ఒడ్డున ఊరు. ఏటికి అవతల, కాస్త దిగువన, శాలిహుండం కొండ కనిపిస్తుంది. ఆ కొండ మీద బౌద్ధుల స్తూపాలున్నాయి. చదువుకున్నవాళ్లకి అది బుద్ధుడి చోటు. మా అత్తకి మాత్రం అక్కడున్నది కొండదేవుడు. కాపురానికి వచ్చిన నాటినుంచీ పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లి, ఆ కొండవైపు ఓ దండం పెట్టి పనిలో పడడం ఆవిడకి అలవాటు. ఎదురుగానే ఉన్నాడు కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు అనుకుంటూ ఒక్కసారీ వెళ్లలేదు.

ఫోన్ పెట్టేసి ఆవిడ తిన్నగా ఏటి ఒడ్డుకి పోయింది. బురదలో మోకాళ్లమీద కూర్చుని, నీళ్లమీదుగా కొండని చూస్తూ మొక్కుకుంది, మా అన్న కొడుకు లేచి తిరిగితే నీకు పుంజుని ఇస్తానని.

బుద్ధుడికి కోడిపుంజుని మొక్కుకున్న మనిషి లోకంలో మా ఏటి ఒడ్డున తప్ప ఇంకెక్కడా ఉండదు. నేను లేచి తిరిగాక ఈ సంగతి తెలిసి, నవ్వు ఆపుకోలేక చెప్పాను కూడా.

"అత్తా, ఆయన చీమకి కూడా చెడు తలవనివాడు. ఆయనకి పుంజుని మొక్కావేటి?"

"దేవుడు కాడేటి?"

"దేవుడే అనుకో."

"దేవుడైతే ఏదోటి తినడేటి? నీ పేనానికి కొబ్బరికాయ సరిపోతాదని నాకు తోసనేదు. పెద్దదే మొక్కినాను."

ఆ తరవాత తీసుకెళ్లమని నెలకోసారైనా అడిగింది. ఉడుపుల్లో ఎరువుల గిరాకీ, ఆ తరవాత పెళ్లిళ్లు, ఆ తరవాత ఎండలు. ఇంతలో మళ్లీ వానలొచ్చాయి. శ్రావణంలో నాకు జలుబుతో కలిసి కాస్త ఒళ్లు వెచ్చబడింది. మిరియాల కషాయం తాగితే తగ్గిపోయే వెచ్చదనం. ఆ కబురు ఎలా చేరిందో గానీ సాయంత్రానికి ఫోన్ వచ్చింది.

"రేపొద్దున్నే రా. పుంజుని గంపకింద కప్పీసి ఉంచినాను."

"వానలు తగ్గాక వెళ్దాం అత్తా."

ఫోన్ తీసుకుని మాట్లాడిన మా ఆవిడ, పెట్టేశాక నా వైపు తిరిగింది.

"నీ కోసం కాదు, మాయమ్మ కోసం ఎల్లు. నీకు జొరమని తెలిసిన కాణ్నుంచీ అన్నం ముట్టనేదంట."

పొద్దున్నే బయలుదేరతానన్నాను. మా మావ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకి ఎప్పుడో కడుపునొప్పి పట్టుకుంటే అత్త ఊరి అమ్మవారికి మేకపోతుని మొక్కింది. నొప్పి తగ్గింది. కోతలయ్యాక ఇద్దాంలే అనుకున్నారు. కోతలు ముగియకుండానే మావ కళ్లంలో కూలబడి, లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టర్లు. మా అత్త ఆ మాటని చెవిలోకి రానివ్వలేదు. మొక్కు ఆలస్యం చేసింది తనే కాబట్టి మనిషిని పోగొట్టుకున్నది కూడా తనే అని ఆవిడ లెక్క. నా జలుబులో ఆవిడకి వినిపించినది మా మావ అడుగుల చప్పుడు.

పొద్దున్నే బండిమీద బయలుదేరేసరికి వాన పట్టుకునే ఉంది. అత్త ఊరు చేరేసరికి నా చెప్పుల్లో కప్పలు కాపురం పెట్టి, పిల్లల్ని బళ్లో కూడా వేసుకున్నాయి. అత్త చుట్టచీర కట్టుకుని, నెత్తిన ప్లాస్టిక్ గోతాన్ని టోపీలా మడిచి కప్పుకుని, చంకలో వెదురు గంపతో గుమ్మంలో నిలబడి ఉంది. గంపలో పుంజు. మామూలు పుంజు కాదు. ఎర్రటి మెడ, నల్లటి తోక, ఊరి కుక్కలు కూడా దారి తొలిగే చూపు.

"బండెక్కు అత్తా. వంతెన మీదనుంచి చుట్టూ పోదాం. తడవకుండా తీసుకెళ్తాను."

"బండి అక్కడ పెట్టు. నీళ్లమీదనుంచి సూసి మొక్కినాను. నీళ్లమీదే ఎల్లాల."

"దేవుడు రోడ్డుమీదొస్తే వద్దంటాడా?"

"ఆ మాట ఆయన్ని అడిగి సెప్తావేటి? నడు."

రేవులో పడవవాడు బీడీ వెలిగించడానికి వానతో పోట్లాడుతున్నాడు. వలలు వేసుకునే మనిషే, అడిగితే అవతలికి దాటిస్తాడు. ఊరి వరసన అత్తని వదినా అంటాడు కాబట్టి నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏటి వదినా, ఇంత వానలో కోడిని ఎక్కడికి కాపురానికి తీసుకెల్తన్నావు?"

"కొండమీదకి. దేవుడికి."

"దేవుడికి ఒక్కటే తెచ్చినావు, నాకేటి తెచ్చినావు?"

"నీకు నా అల్లుణ్ని తెచ్చినాను. దారిపొడుగునా కోతలు కోస్తాడు, ఇనుకో."

పడవ కదిలింది. ఏరు కొత్తనీళ్లతో ఎర్రగా, వెడల్పుగా, తొందరగా పోతోంది. పైన ఒరిస్సా కొండల్లో ఎక్కడో గట్టిగా కురిసిందన్నాడు పడవవాడు. విరిగిన కొమ్మలూ, గడ్డి దుబ్బులూ, ఎవరిదో ఒంటి చెప్పూ మమ్మల్ని దాటుకుని సముద్రానికి పోతున్నాయి. అత్త పడవ మధ్యలో కూర్చుంది. పడవవాడు బరకం పట్టా ఒకటి ఇస్తే తను కప్పుకోకుండా గంప మీద కప్పింది. పుంజు ఊరుకుంటుందా? సందులోంచి మెడ బయటికి పెట్టి, నెత్తిన నాలుగు చినుకులు పడగానే ఒళ్లంతా విదిలించి దులిపింది. నీళ్లు నా మొహమంతా చిందాయి.

పడవవాడు తెడ్డు ఆపేశాడు.

"వదినా! దులిపీసింది, దులిపీసింది! ఒప్పీసుకున్నాడు దేవుడు. ఇంకెందుకు ఇంతదూరం, ఇక్కడే కోసీ. కూర నానొండుతాను."

మా వైపు పద్ధతి అది. మొక్కు తీర్చేటప్పుడు కోడికైనా పోతుకైనా పసుపునీళ్లు చల్లి దేవుడి ఎదట నిలబెడతారు. అది ఒళ్లు దులిపితే దేవుడు తీసుకున్నట్టు. దులపకపోతే ఒప్పుకోలేదన్నట్టు. దులిపేదాకా ఎంతసేపైనా ఆగాల్సిందే. వానాకాలంలో ఈ పద్ధతితో పెద్ద చిక్కు ఉందని ఆ రోజు తెలిసింది. తడిసిన కోడి ప్రతి చినుక్కీ ఒప్పుకుంటుంది.

"అది వానకి దులిపినాది, దేవుడికి కాదు," అంది అత్త, పుంజు మెడని లోపలికి తోస్తూ. "ఎదట నిలబెట్టినప్పుడు దులపాల. అప్పటిదాకా ఎన్ని దులిపినా లెక్కనేదు."

"అప్పటికి ఒంట్లో దులుపుడు అయిపోతాదేమో సూసుకో," అన్నాడు పడవవాడు.

ఆ మాటకి నేను నవ్వాను. అత్త నవ్వలేదు. గంప మీద బరకాన్ని ఇంకాస్త దగ్గరికి లాగింది.

ఏటి నడిమికి వచ్చేసరికి గాలి లేచింది. ఒక తాటి దుంగ సగం మునిగి, సగం తేలి మా వైపే వచ్చింది. పడవవాడు తెడ్డు పడేశాడు. గెడ తీసుకుని లేచి నిలబడి, దుంగని పక్కకి నెట్టాడు. పడవ ఒక పక్కకి ఒరిగి దోసెడు నీళ్లు లోపలికొచ్చాయి. నేను రెండు చేతులా పడవ అంచుని పట్టుకుని, నాకు తెలిసిన దేవుళ్లందరినీ, తెలియనివాళ్లని కూడా పిలిచాను. అత్త దేన్నీ పట్టుకోలేదు. గంపని నీళ్లు తగలకుండా గుండెకి ఎత్తి పట్టుకుంది. పడవ తిన్నబడ్డాక నా వైపు చూసింది.

"భయమేసిందేట్రా?"

"నాకా? నేను దుంగని కళ్లతో ఉరిమి చూసినందుకే అది పక్కకి పోయింది."

"పోయిందిలే. నీళ్లు తోడు."

డబ్బా తీసుకుని నీళ్లు తోడాను. ఆ మనిషికి ఈత రాదు. రాదని నాకు తెలుసు, పడవవాడికీ తెలుసు. దుంగ దాటిపోయాక అతను బీడీ మాట మరచిపోయి చాలాసేపు ఆవిడ వంకే చూశాడు.

అవతలి ఒడ్డున దిగి, బురద గట్టు పట్టుకుని, కొండ మొదటికి నడిచాం. నీళ్లు మెట్లమీంచి చిన్న చిన్న జలపాతాల్లా దిగుతున్నాయి. అత్త మోకాళ్లు ఎండలోనే సరిగ్గా వంగవు. గంప ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. చెయ్యి పట్టుకుంటానన్నాను. వద్దంది. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్లూ కలుపుకుంటూ, నిలబడి ఊపిరి తీసుకుంటూ ఎక్కింది. ముందు నేను నడిస్తే వెనక్కి తిరిగి చూడాల్సివస్తుందని వెనకే నడిచాను. జారితే పట్టుకోవచ్చని కూడా అనుకోండి. ఆవిడ జారలేదు. నేను మాత్రం మోకాలు చీరుకున్నాను.

సగం దారిలో స్తూపాల కాపలాదారు గొడుగు వేసుకుని ఎదురొచ్చాడు. ఆ వానలో మనుషులు రావడమే ఆయనకి వింత. గంప చూసి ఇంకా వింతపోయాడు.

"గంపలో ఏటండి?"

"భక్తుడండి," అన్నాను నేను. "కోడిగా పుట్టాడు గానీ మనసు మంచిది. నెలరోజులుగా పురుగుల్ని ముట్టడం లేదు. ఒట్టి నూకలే. దర్శనం చేయించమని ఒకటే గొడవ."

ఆయన నా మొహం చూసి, అత్త మొహం చూసి, అసలు సంగతి పట్టేశాడు.

"అమ్మా, ఇక్కడ కొయ్యకూడదు. ఒక్క రగతపు సుక్క పడినా ఒప్పుకోను. ఇది అలాటి సోటు కాదు."

"కొయ్యను నాయనా," అంది అత్త. "ఎదట నిలబెడతాను. దులిపితే ఆయనకి సెందినట్టే. కిందకి దిగి, ఏరు దాటి, మా ఇంటికాడ కోసుకుంటాము. నీ కొండమీద ఈక కూడా రాలదు."

కాపలాదారు దారికి అడ్డం తొలిగాడు. నా భక్తుడి కథకి కరిగాడో, ఆ తడిసిన ముసలి మొహానికి కరిగాడో చెప్పలేను. "పదండి, నానూ వస్తాను," అని మా వెంట వచ్చాడు.

పైకి చేరాక అత్త నిలబడిపోయింది. వాన కడిగిన ఇటుకలన్నీ అప్పుడే బట్టీలోంచి తీసినంత ఎర్రగా ఉన్నాయి. గుండ్రటి స్తూపం, దాని చుట్టూ నడిచే దారి, పక్కన ఇంకా చిన్న చిన్న గుండ్రాలు. కింద వంశధార మొత్తం పరుచుకుని, దూరాన కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోట నీళ్లేవో మబ్బేదో తెలియడం లేదు. అవతల ఒడ్డున ఆవిడ ఊరు అరచేతిలో పట్టేంత చిన్నగా ఉంది. ఇన్నాళ్లూ అక్కణ్నుంచి ఇటు చూసిన మనిషి మొదటిసారి ఇటునుంచి అటు చూసింది.

"నా వాకిలి ఇక్కడికి అగుపిస్తాదేట్రా?"

"వాకిలి కాదుగానీ, ఆ కొబ్బరిచెట్ల గుంపు మీ ఊరిదే."

"అయితే సూసే ఉంటాడు," అంది తనలో తను.

స్తూపం ఇటుకల్ని అరచేత్తో తడిమింది. ఇటుక ఇటుకకీ మధ్య గోరు దూరుతుందేమో చూసింది. దూరలేదు.

"ఎవులు కట్టినారో గానీ, ఆల సేతులు సల్లగుండాల. ఇక్కడ కూకుని ఏటి సేసేవోలు?"

"సన్యాసులు అత్తా. కళ్లు మూసుకుని కూర్చునేవారు. వానాకాలం మొత్తం ఒక్కచోటే ఉండిపోయేవారట. నడిస్తే తడినేలమీద పురుగూ పుట్రా, మొలిచిన గడ్డీ కాళ్లకింద పడి చస్తాయని, ఊళ్లు తిరగడం మానేసేవారు."

అత్త నా వైపు అనుమానంగా చూసింది. నా మాటకి ఆవిడ దగ్గర ఉన్న పరపతి అంత. కాపలాదారు వైపు తిరిగింది.

"ఈడు కోస్తన్నాడా, నిజమేనా?"

"నిజమేనమ్మా. పుస్తకాల్లో ఉన్నాది."

"పురుగు సావకూడదని నడకే ఒగ్గీసినారా?"

"అవునమ్మా."

గంప దించింది. పుంజుని తీసి స్తూపం ఎదట రాతిమీద నిలబెట్టింది. కొంగు ముడిలోంచి సీసా తీసి పసుపునీళ్లు దాని నెత్తినా రెక్కల మీదా చల్లింది. వాన చినుకులు తగిలి దులిపితే లెక్కలోకి రాదు కాబట్టి, కాపలాదారుని బతిమాలి గొడుగు పుంజు మీద పట్టించింది. గొడుగు కింద పుంజు పొడిగా, దొరలా నిలబడింది. చుట్టూ మేం ముగ్గురం ముద్దగా తడుస్తూ నిలబడ్డాం.

పుంజు దులపలేదు.

పడవలో అన్నిసార్లు దులిపిన పుంజు, మెట్లమీద గంపలోంచి నా చొక్కా తడిపేసిన పుంజు, ఇక్కడ మెడ నిటారుగా పెట్టి ఒక్క ఈకైనా కదపకుండా నిలబడింది. అత్త ఇంకాసిని పసుపునీళ్లు చల్లింది. "బాబూ, తెచ్చినాను. ఆలిసెం అయిపోనాది, కోపగించకు. తీసుకో," అంది. పుంజు కళ్లు మూసుకుంది. కునుకు తీస్తున్నట్టే ఉంది.

ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. కాపలాదారు గొడుగు చెయ్యి మార్చాడు, మళ్లీ మార్చాడు. అత్త పెదాలు ఊరికే కదులుతున్నాయి. ఆవిడ మొహంలోకి చూశాను. దుంగ మీదికొచ్చినప్పుడు కూడా లేని భయం అక్కడ కనబడింది. మా మావ పోయిన రోజు కళ్లంలో కూర్చున్నప్పుడు ఆ మొహం అలాగే ఉంది.

చెవిలో ఒక నీటిచుక్క పడితే ఏ జంతువైనా దులిపి తీరుతుంది. ఆ కిటుకు మా వైపు పిల్లలకి కూడా తెలుసు. కొందరు పెద్దవాళ్లు దేవుడి ఎదటే దాన్ని వాడతారు. నేను గొడుగు అంచునుంచి కారుతున్న నీళ్లలో వేలు తడిపి, ఏమీ ఎరగనట్టు పుంజు పక్కన వంగాను.

చేతి మీద దెబ్బ పడింది.

"సెయ్యి తియ్యి."

"ఏం అత్తా, నా కోసం మొక్కిందే కదా. కాస్త సాయం చేస్తున్నాను."

"నీ పేనమ్మీద మొక్కినాను. దాంతో కూడా నీ ఏసాలేనా? నాను మోసం సేసి తీర్సుకుంటే, ఆయన మోసం సేసి తీసుకెల్లిపోతాడు. లే అక్కణ్నుంచి."

లేచాను. తడిసిన చొక్కాకే తడి వేలు తుడుచుకున్నాను.

అత్త పుంజుని చేతుల్లోకి తీసుకుంది. దాని మెడ నిమురుతూ స్తూపం వైపు తిరిగి, ఎదురింటి మనిషితో పెరట్లోంచి మాట్లాడినట్టు మాట్లాడింది.

"నీకు వద్దు గావాల. అలాగే కానీ. పురుగు కోసం నడకొగ్గీసినోడివి, నాను పుంజుని తెస్తే ఎలా పుచ్చుకుంటావు? నాకే తెలవనేదు. ఉత్త సేతుల్తో ఎల్లలేను గదా, ఈడి పేనం ఇచ్చినావు." పుంజుని చంకలోకి మార్చుకుంది. "నువ్వు నడకొగ్గినావు. నాను కోడి ఒగ్గీస్తన్నాను. ఈ రోజు కాణ్నుంచి ముట్టను. నా మొక్కు ఇదే అనుకో."

కోడికూర అంటే మా అత్తకి ఏమిటో చెప్పకపోతే ఈ మాట బరువు తెలియదు. ఆవిడ కూర వాసనకి పక్క ఊరి బస్సు మా వీధి మలుపులో కావాలని నెమ్మదిస్తుందని నేను కొట్టు దగ్గర చెబుతుంటాను. అందులో అబద్ధం పావలా వంతు కూడా లేదు. వండడమే కాదు, తినడం చూడాలి. కాలి ముక్క ఎముకని పగలగొట్టి, గుజ్జు పీల్చి, చివర ఎముకని కంచం అంచున పెట్టి కళ్లు మూసుకుంటుంది. పండగ పిండివంటలు పక్కకి తోస్తుంది. బంగారం మీద మోజు లేదు, చీరల మీద లేదు. ఆదివారం కోడికూర ఒక్కటే ఆవిడ భోగం. మావ పోయాక ఆవిడ మొహంలో మొదటిసారి నేను వెలుగు చూసింది కూడా ఆ కంచం ముందే.

కాశీ వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి వదిలి వస్తారు కదా. ఎక్కువమంది కాకరకాయా పొట్లకాయా వదిలి వస్తారు. కాపలాదారుకి కూడా అదే తోచింది.

"అమ్మా, పెద్దదానివి, కోడెందుకు ఒగ్గడం? ఏ కాకరకాయో ఒగ్గీ. సాలు."

"నాకు ఇష్టం లేందాన్ని ఒగ్గితే ఆయనకి తెలీదేటి?"

ఆయన గొడుగు ముడిచాడు. వానలో తడుస్తూ, చెప్పులు విప్పి పక్కన పెట్టి, మా అత్తకి దండం పెట్టాడు. రోజూ ఆ కొండని కాసే మనిషి అక్కడ ఎవరికైనా దండం పెట్టడం అదే మొదలేమో నాకు తెలియదు. స్తూపాన్ని నేను మెచ్చుకుంటూనే ఉన్నాను. అంత గట్టిగా కట్టినవాళ్లు గొప్పవాళ్లే. కానీ ఆ రోజు ఆ కొండమీద నా కళ్లు ఎక్కువసేపు నిలిచింది ఇటుకల మీద కాదు.

"అత్తా, నాకేమీ కాదు. జలుబు. ఇంత పెద్ద..."

"నోర్మూసుకో. ఇది నాకూ ఆయనకీ బేరం. మద్దిన నువ్వెవడివి?"

గంప నా చేతికిచ్చింది. దిగేటప్పుడు నా భుజం పట్టుకుంది. మెట్లమీద ఆవిడ ఊపిరి తేలికగా వినిపించింది. మధ్యలో ఒకచోట ఆగి, "ఆకలేస్తంది. పకోడీలు దొరుకుతాయేట్రా?" అని అడిగింది. నా జ్వరం కబురు విన్నాక ఆవిడకి ఆకలి వెయ్యడం అదే మొదలు.

పడవవాడు పుంజుని ప్రాణాలతో చూసి లేచి నిలబడ్డాడు.

"దులపనేదా?"

"దులపనేదు."

"మరి మొక్కు?"

"తీరిపోనాది. నాను కోడి ఒగ్గీసినాను."

అతను తెడ్డు ఒళ్లో పెట్టుకుని పడవ అంచున కూలబడ్డాడు. ఊరంతా తెలిసిన సంగతే, ఆవిడకి కోడి అంటే ఏమిటో.

"మరి సేపలో, వదినా?"

"సేపల మాట ఆయనెత్తనేదు. నువ్వెత్తకు."

"అయితే ఆ పుంజుని నాకిచ్చీ."

"దేవుడు వద్దన్నదాన్ని నీకెలాగిస్తాను? ఆయన కంటే నువ్వు పెద్దోడివేటి?"

పుంజు ఇంటికే వచ్చింది. ఇప్పుడు అత్త పెరట్లో దానికి ఎదురు లేదు. మిట్టమధ్యాహ్నం కూస్తుంది. నేను వెళ్తే అరుగుమీదనుంచి దిగదు. దాన్ని అదిలించబోతే అత్త నన్ను అదిలిస్తుంది.

ఆ తరవాత వచ్చిన ఆదివారం అత్త కోటబొమ్మాళి మా ఇంటికి వచ్చింది. బజారునుంచి నాటుకోడి తెప్పించమంది. మా ఆవిడ వద్దమ్మా, పప్పు వండుకుందామంది. నేనూ వద్దన్నాను. ఇద్దరినీ కలిపి తిట్టింది.

"ఒగ్గింది నాను. మీకేటొచ్చింది? నా అల్లుడు తినాల. ఆడు తింటే గదా నాను ఒగ్గినందుకు పలితం."

తనే మసాలా నూరింది. తనే వండింది. కూర ఉడుకుతుండగా అలవాటుగా గరిటెలోంచి అరచేతిలోకి కాస్త పులుసు వంపుకుని, నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. చెయ్యి కడుక్కుని నన్ను కేకేసింది.

"ఒరే, ఉప్పు సూడు."

గరిటె నా అరచేతిలో వంచింది. నాలిక మీద పెట్టుకున్నాను. భావనపాడు సముద్రం మొత్తం ఆ గిన్నెలో ఉంది. నా మొహం వంకే చూస్తోంది. అద్భుతం అనడం నాకు ఊపిరి తీసినంత తేలిక. కానీ ఆవిడ ఇంక నా నాలిక మీదే వండాలి కదా.

"ఎక్కువైంది అత్తా. చాలా."

"ఎంత?"

"రెండు బంగాళాదుంపలు వేసినా చాలవు."

"అలా సెప్పు," అని, మూడు కోసి వేసింది.

అందరికీ వడ్డించింది. నా కంచంలో కాలి ముక్క పడింది. ఎముక పగలగొట్టి చూపించే మనిషి ఎదురుగా లేదు. తన అన్నంలో చారు పోసుకుని, కంచం పట్టుకుని పెరటి గుమ్మంలోకి వెళ్లి, మాకు వీపు పెట్టి కూర్చుంది. మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. నేను కాలి ముక్కని కంచం అంచుకి జరిపాను. మా కంచాలు కనబడకుండా అలా తిరిగి కూర్చుందనుకున్నాను. లేచి వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఇక్కడెందుకు అత్తా? లోపలికి రా. మేమే అటు తిరుగుతాం."

ఆవిడ చారన్నం ముద్ద చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చింది.

"తిండి ఒగ్గినాను గానీ వాసన ఒగ్గనేదురా. గాలి ఇక్కడికే వస్తంది. అడ్డం లే."